వంపు దగ్గర పచ్చదీపం

దొరికిన సామాన్ల గది, స్టేషన్ వెనక భాగం
మంగళవారం మధ్యాహ్నం

ఒరేయ్ పిడుగూ,

ఓడ మీద కులాసాయేనా? సముద్రం అడుగున ఇంటర్నెట్ తీగ వేసే ఓడలో మా తమ్ముడు కరెంటు పని చేస్తున్నాడని, వాడి ఫోన్‌కి మాత్రం సిగ్నల్ ఉండదని, పక్షానికోసారి వచ్చే సామాన్ల పడవలో ఉత్తరాలు అందితేనే కబుర్లని చెబితే ఇక్కడ ఒక్కరూ నమ్మరు. దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు.

అసలు సంగతి వేరే. రైళ్ళలో జనం మరిచిపోయినవన్నీ మా గదికి చేరతాయి కదా. ఆర్నెల్లు ఎవరూ రాకపోతే వేలం. ఈసారి గొడుగులు పదకొండు, కుక్కరు మూత ఒకటి, ఒంటి బూటు. వాటి మధ్య సీలు కూడా తియ్యని పెట్టె. కంప్యూటర్ ఆట, రైలు నడిపే ఆట! నవ్వుకుంటూ వెనక్కి తిప్పి చూశాను. చిన్న అక్షరాల్లో లైన్ల జాబితా. అందులో మన లైన్ ఉందిరా. నేను పద్నాలుగేళ్ళు బండి నడిపిన లైన్. ప్రతి స్తంభాన్నీ, ప్రతి వంపునీ కొలిచి, బండ్ల వేళలతో సహా ఉన్నదున్నట్టు చేశారట. వేలంలో నేను తప్ప ఇంకెవరూ పాడలేదు.

ఇంటికి తెచ్చి విప్పితే డిస్కు లేదు, ఒక చీటీ ఉంది. దాని మీద పూత గీకితే కోడ్. నువ్వు వదిలి వెళ్ళిన కంప్యూటర్ దుమ్ము దులిపి, ఆ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం తెరిచాను. నీ అకౌంటే తెరుచుకుంది. కోడ్ కొట్టాను. 'ఈ ఆట మీ దగ్గర ఉంది' అంది. హమ్మయ్య అనుకున్నాను. డౌన్‌లోడ్‌కి నాలుగు గంటలు. అంతసేపూ కాలు కాలిన పిల్లిలా వంటగదికీ కంప్యూటర్‌కీ మధ్య తిరిగాను. తీరా 'ఆడు' అని నొక్కితే, ఈ కంప్యూటర్ చాలాకాలంగా వాడలేదు, మీరే మీరని రుజువేమిటి, మీ ఫోన్‌కి కోడ్ పంపాం, అది కొట్టండి అంది.

మీ ఫోన్ అంటే నీ ఫోన్! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు చూడు. ఆ కోడ్ ఏదో రాసి పంపు. ఆలస్యం చెయ్యకు.

మీ అక్క

*

ఓడలో, కింది అంతస్తు, నా పడక మీద
ఏ వారమో తెలియదు

ఇంజనక్కా,

నీ ఉత్తరం చదివి మా వంటమనిషికి కూడా వినిపించాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ కోడ్ బతికేది పది నిమిషాలే. నీ ఉత్తరం నాకు చేరడానికి పన్నెండు రోజులు, నాది నీకు చేరడానికి ఇంకో పన్నెండు. అది పుట్టి, పెరిగి, చచ్చి, దానికి మునిమనవలు పుట్టాక గానీ నీ దగ్గరికి రాదు. పైగా ఇక్కడ ఫోన్‌లో సమయం చూసుకోవడం తప్ప ఇంకేమీ లేదు.

వదిలెయ్ అక్కా. కావాలంటే కొత్త అకౌంటు తెరుచుకుని మొక్కలు పెంచే ఆటో, బొమ్మలు అతికే ఆటో ఆడుకో. పని నుంచి అలిసి వచ్చి మళ్ళీ రైలెందుకు? అందులోనూ ఆ లైనే ఎందుకు? విచారణలో నీ మాటే నిలిచింది. అయిపోయిందాన్ని తవ్వుకుంటూ కూర్చోకు. కొన్ని తలుపులు తెరుచుకోకపోవడమే అదృష్టం అనుకో.

నిద్ర సరిగ్గా పడుతోందా? మోకాలి నొప్పికి ఆ పట్టీ వేసుకుంటున్నావా? ఇక్కడ గాలి ఎక్కువ. తీగ రోజుకి ఇంత దూరం పడాలని లెక్క, పడడం లేదు. అందరూ చిరాకు మీద ఉన్నారు.

నీ పిడుగు

*

దొరికిన సామాన్ల గది
శుక్రవారం, బండ్లు లేని వేళ

పిడుగూ,

నువ్వన్నట్టే కొత్త అకౌంటు తెరిచాను. కోడ్ కొట్టాను. 'ఈ కోడ్ మీ ప్రాంతంలో చెల్లదు' అంది. ఆ పెట్టె పారేసుకున్న ప్రయాణికుడు ఏ దేశం నుంచి వచ్చాడో ఏమో, అక్కడి కోడ్ ఇక్కడ పలకదట. పోనీ నేరుగా దుకాణంలో కొందామంటే, కొత్త భాగం వచ్చిందని ఈ పాతదాన్ని అమ్మడం మానేశారు. కొత్తదాంట్లో మన లైన్ లేదు. పాతది కొన్నవాళ్ళు మాత్రం ఎప్పటికైనా ఆడుకోవచ్చు. అంటే ఇప్పుడు నాకున్న దారి నీ అకౌంటు ఒక్కటే.

కస్టమర్ కేర్‌కి రాశాను. 'మీ సహనానికి కృతజ్ఞతలు' అని జవాబు. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే. నాలుగోసారి 'నాకు సహనం లేదు' అని రాస్తే దానికీ కృతజ్ఞతలే చెప్పారు. గోడకు చెప్పుకుంటే పెచ్చయినా రాలుతుంది!

ఆ లైనే ఎందుకని అడిగావు. ఇన్నేళ్ళూ నీతో కూడా సరిగ్గా మాట్లాడలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందట, సాయంత్రం ఐదు నలభై. వంపు తిరిగాను. పచ్చదీపం చూశాను. చూశానురా. నా అసిస్టెంటు తల వంచుకుని పుస్తకంలో వేగం రాసుకుంటున్నాడు. అందుకని చూసింది నేనొక్కదాన్నే. ఆ తర్వాత ఎదురుగా నిలబడి ఉన్న గూడ్స్ బండి వెనక పెట్టె. పదహారు మందికి దెబ్బలు. గూడ్స్ గార్డుకి కుడిచెయ్యి పోయింది. మేమంతా క్యాబిన్ బాబాయి అని పిలిచే సిగ్నల్ మనిషి 'ఎర్రదీపమే ఇచ్చాను' అన్నాడు. నేను 'పచ్చే' అన్నాను. లివర్లు లాగి రంగు మార్చే పాత క్యాబిన్ అది, ఏ రంగు ఇచ్చారో గుర్తుపెట్టుకునే యంత్రం లేదు. నా రికార్డులో మచ్చలేదు. ఆయన కళ్ళజోడు పాతది. నన్ను నమ్మారు. రిటైరు కావడానికి ఏడాది ముందు ఆయన్ని ఇంటికి పంపేశారు.

గెలిచినదాన్ని హాయిగా ఉండాలి కదా! మళ్ళీ ఇంజను ఎక్కితే పచ్చదీపం కనబడ్డ ప్రతిచోటా బ్రేకు వేశాను. ఈ గదిలో పని అడిగి తెచ్చుకున్నాను. ఎవరి గొడుగో వాళ్ళకి ఇస్తూ కూర్చున్నా, కళ్ళు మూస్తే ఆ వంపే. ఒక్కసారి మళ్ళీ ఆ వంపు తిరిగి, ఆ పచ్చదీపం అక్కడ అలాగే కనబడుతుందని చూసుకుంటే చాలు. ఆ తర్వాత కంప్యూటర్‌ని కప్పెట్టేస్తాను. ఏదో ఒక ఉపాయం చెప్పరా.

మీ అక్క

*

ఓడలో

అక్కా,

పడవ వెళ్ళిపోతోంది, నాలుగు ముక్కలే రాస్తున్నాను. ఫోన్‌లోకి ఉప్పునీళ్ళు దూరాయి, పని చెయ్యడం లేదు. కాబట్టి కోడ్ సంగతి మరిచిపో. నేనా ఆట ఎప్పుడూ చూడలేదు, అది ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆటల్లో చూపించేవన్నీ నిజం కావు. వాటిని చూసి మనసు పాడుచేసుకోకు.

నువ్వు చూసింది పచ్చే. నాకు తెలుసు.

నీ పిడుగు

*

ఇంటి నుంచి
ఆదివారం ఉదయం

తమ్ముడికి,

పిడుగూ అని రాయబుద్ధి కావడం లేదు.

కస్టమర్ కేర్ నుంచి తొలిసారి మనిషి రాసినట్టున్న ఉత్తరం వచ్చింది. ఎవరో అమ్మాయి. 'మీరు పంపిన కోడ్‌ను ఇంతవరకూ ఏ అకౌంటులోనూ ఎవరూ వాడలేదండీ' అని రాసింది. రెండుసార్లు చదివాను. మరి ఆ రోజు నీ అకౌంటులో కొట్టినప్పుడు 'ఈ ఆట మీ దగ్గర ఉంది' అని ఎందుకంది? కొత్తగా వచ్చిందని కాదు, ముందునుంచే ఉందని అన్నదన్నమాట. నాకు ఆ భాష అర్థం కాలేదు.

లేచి వెళ్ళి కంప్యూటర్ తెరిచి నీ పేరు మీద నొక్కాను. ఆట కొన్నది నువ్వు ఓడెక్కడానికి రెండు నెలల ముందు. పెట్టెలో కలిపి ఇచ్చినా, దుకాణంలో మన లైన్‌ని విడిగా అమ్మేవారట. అదీ కొన్నావు, అదే రోజు. ఆడిన సమయం నలభై ఒక్క గంటలు. ఎప్పుడూ చూడని ఆట నలభై ఒక్క గంటలు!

ఇంకోటి. ఆ అమ్మాయే రాసింది: ఫోన్ పోయినా పరవాలేదు, అకౌంటు తెరిచిన రోజే అందరికీ ఎనిమిది కోడ్‌లు ఇస్తాం, కాగితం మీద రాసిపెట్టుకోమంటాం, వాడేదాకా అవి చెడవు అని. పది నిమిషాల కోడ్ అని నన్ను నవ్వించావు. పన్నెండు రోజుల ఉత్తరంలో పెట్టి పంపగల కోడ్ నీ దగ్గర ఉండగా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడక్కుండానే 'నేనా ఆట చూడలేదు' అని రాశావు. అప్పుడైనా నాకు వెలగాల్సింది.

చిన్నప్పుడు గాజు పగలగొట్టి మంచం కింద దాక్కున్నప్పుడు కూడా నాతో నిజమే చెప్పావు. ఇప్పుడు ఏం పగిలిందని దాక్కున్నావు? ఆ వంపు దగ్గర ఏం చూశావు?

కోడ్ పంపు. వేరే మాటలేవీ వద్దు.

అక్క

*

ఓడలో, డెక్ మీద
గాలి తగ్గిన రోజు

అక్కా,

ఫోన్‌లోకి నీళ్ళు దూరలేదు. ముందు అది ఒప్పేసుకుంటున్నాను.

నువ్వు రాత్రిళ్ళు లేచి కూర్చోవడం పక్కగదిలోంచి నాకు వినబడేది. ఆ ఆటలో మన లైన్ ఉందని తెలిసిన రోజు ఎగిరి గంతేశాను. ఆ వంపు, ఆ పచ్చదీపం నీకు చూపించి 'ఇదిగో అక్కా, నీదే నిజం' అందామనుకున్నాను. నీకు చెప్పకుండా కొన్నాను, ముందు నేను చూసి తర్వాత నిన్ను కూర్చోబెడదామని. నువ్వు డ్యూటీలో ఉండగా నడిపాను. పొద్దున్న బండి, మధ్యాహ్నం బండి, చివరికి ఐదు నలభై బండి.

నేను చూసింది రాయను. రాస్తే అది నా మాట అవుతుంది. విచారణలో కూడా అంతా మాటల మీదే నడిచింది కదా.

నలభై ఒక్క గంటలూ నేను నడిపింది ఆ ఒక్క వంపే అక్కా. ఇంకోలా కనబడుతుందేమో అని. ఆ తర్వాత ఆటని కంప్యూటర్‌లోంచి తీసేశాను, కానీ నీ ఎదురుగా కూర్చుని అన్నం తినడం నా వల్ల కాలేదు. ఓడ ఉద్యోగం వచ్చిందని గెంతుతూ చెప్పాను చూడు, అది వచ్చింది కాదు, నేను వెంటపడి తెచ్చుకున్నది. నువ్వు ఆరేళ్ళుగా ఒక్క మాట మీద నిలబడి బతుకుతున్నావు, ఆ మాట కింద నుంచి నేల లాగేది నేనా అని భయం. నాది ప్రేమ అనుకున్నాను. ఇక్కడ నీళ్ళు చూస్తూ ఆలోచిస్తే పిరికితనం అనిపిస్తోంది. ఎందుకంటే ఆ నేల కింద ఇంకో మనిషి ఉన్నాడు.

కోడ్: 4417 0926. ఒక్కసారే పనిచేస్తుంది. సమయం ఐదు నలభై పెట్టు, నెల ఆ నెలే పెట్టు. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.

నీ తమ్ముడు

*

ఇంటి నుంచి
గురువారం, సాయంత్రం

పిడుగూ,

నీ కోడ్ పనిచేసింది. ఆ ముక్క ముందు రాయాలి, లేకపోతే అది కూడా చెల్లలేదేమో అని నువ్వు అక్కడ గోళ్ళు కొరుక్కుంటావు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే సెలవు పెట్టి పొద్దున్నే కూర్చున్నాను. పక్కన ఎవరినీ పిలవలేదు. మొదట పొద్దుటి బండి నడిపాను. స్టేషన్ బోర్డు మీద పెచ్చు ఊడిన చోటు కూడా చేశార్రా దొంగసచ్చినోళ్ళు! ఏడుపొచ్చింది. వంపు తిరిగాను. కాలి వంతెన స్తంభం దాటగానే మన సిగ్నల్, దాని పక్కన షెడ్డుకి వెళ్ళే లైన్ సిగ్నల్, రెండూ విడివిడిగా శుభ్రంగా కనబడ్డాయి. తర్వాత నువ్వు చెప్పినట్టు ఐదు నలభై పెట్టాను.

వంపులో ఆ స్తంభం పొద్దుటిలాగే మన సిగ్నల్‌కి అడ్డం వచ్చింది. అదే సమయానికి పక్క లైన్ సిగ్నల్ సరిగ్గా మన పట్టాల నెత్తిన నిలబడ్డట్టు కనబడింది. పచ్చగా. నేను చూసిన పచ్చే. స్తంభం దాటగానే ఎదురెండ కళ్ళలో పడింది. ఆ వెలుగులో మన సిగ్నల్ ఎర్రగా ఉందో, అసలు వెలిగిందో లేదో తెలియలేదు. తెలిసేసరికి గూడ్స్ వెనక పెట్టె. ఒకసారి చదివేసిన సిగ్నల్‌ని కన్ను మళ్ళీ చదవదురా, ముందుకు వెళ్ళిపోతుంది. పదకొండు సార్లు నడిపాను. పదకొండు సార్లూ పచ్చే చూశాను, పదకొండు సార్లూ గుద్దాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

ఆటను పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళను? మా డిపో పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి ఆ బండి ఇంజనులో పక్కన నిలబడనివ్వండి అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు. "నేను తప్పు చూశానేమో చూడాలి" అన్నాను. ఆయన కలం తీసి అనుమతి కాగితం రాశాడు. ప్రమాదం జరిగిన తేదీ రావడానికి అప్పటికింకా పదిహేను రోజులుంది. ఎండ అదే వాలులో ఉండాలని ఆగాను. ఆ పదిహేను రోజులు ఎలా గడిచాయని అడక్కు. ఒకావిడ గొడుగు ఇంకొకరికి ఇచ్చేశాను, వాళ్ళిద్దరూ వచ్చి నా మీద అరిచారు.

ఆరేళ్ళ తర్వాత ఇంజను ఎక్కాను. షెడ్డుకి ఖాళీ బండి వెళ్ళాల్సి ఉంటే పక్క సిగ్నల్ పచ్చగా ఉంటుంది. నేనెక్కిన రోజూ ఉంది. వంపు రాగానే బండి నడిపే కుర్రదానితో, "ఏం కనబడుతోందో గట్టిగా చెప్పు" అన్నాను. "పచ్చ" అంది. వెంటనే బ్రేకు మీద చెయ్యి వేసి, "కాదు కాదు మేడమ్, అది పక్కది. ఇక్కడ కొత్తవాళ్ళందరికీ తడబాటే, అందుకే ఈ వంపులో వేగం తగ్గించమని మాకు చెబుతారు" అంది. ఆ హెచ్చరిక ప్రమాదం తర్వాత పెట్టిందట. ఎందుకు పెట్టారో ఎవరూ నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు.

అదే వారం నా వాంగ్మూలం మారుస్తూ రాసిచ్చాను. విచారణ మళ్ళీ తెరుస్తారట. నా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. తెలియకపోయినా ఈ వారంలో మూడు పూటలు ఆకలేసి తిన్నాను, ఇన్నేళ్ళలో అది కొత్త.

క్యాబిన్ బాబాయిని వెతుక్కుంటూ నిన్న వెళ్ళాను. ఊరి చివర సిమెంటు గోడౌన్ దగ్గర లారీలకు గేటు ఎత్తే పని చేస్తున్నాడు. చిన్న రేకుల గది, ఒక స్టూలు, నీళ్ళ బాటిల్. కళ్ళజోడు మార్చాడు. నన్ను చూసి లేవలేదు.

"నువ్వా" అన్నాడు.

నిలబడే చెప్పాను. స్తంభం, ఎండ, పక్క లైన్, అన్నీ. మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. నేను ఆపాక, "ఆ టైముకి షెడ్డు లైన్‌కి పచ్చ ఇచ్చి ఉన్నానమ్మా. ఖాళీ బండి వెళ్ళాలి. నా కాగితంలో అది కూడా రాశాను. నీ కాగితం, నా కాగితం పక్కపక్కన పెట్టి ఎవరూ చదవలేదు" అన్నాడు.

"నేను చదవాల్సింది బాబాయ్" అన్నాను.

ఆయన తన కుడిచెయ్యి ముందుకు చాచి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మొదట్లో ఎర్రే ఇచ్చానని గట్టిగా ఉండేవాణ్ణి. ఏళ్ళు గడిచేకొద్దీ, అందరూ అంటూంటే, ఏమో, చెయ్యి పొరపాటున పక్క లివరు లాగిందేమో అనిపించడం మొదలైంది. చివరికి మా ఆవిడతో ఒప్పేసుకున్నాను కూడా, నేనే లాగి ఉంటానే అని." ఆ చెయ్యి దించకుండానే అడిగాడు. "అంటే నా చెయ్యి తప్పు చెయ్యలేదంటావు?"

"చెయ్యలేదు బాబాయ్."

"గార్డుకి చెయ్యి పోయింది నా వల్ల కాదంటావు?"

"నీ వల్ల కాదు. నా కన్ను వల్ల."

ఇంతలో లారీ వచ్చి హారన్ కొట్టింది. వెళ్ళి గేటు ఎత్తి, నంబరు రాసుకుని, గేటు దించి వచ్చాడు. వచ్చి, నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి నా ముందు పెట్టాడు. "నోటిమాట వద్దు. రాసివ్వు. మా ఆవిడకి చూపించాలి."

స్టూలు మీద పెట్టుకుని రాశాను. ఆయన వెలుతురులోకి వెళ్ళి నిలబడి ప్రతి అక్షరం చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. తిట్టి ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది.

"సరే, పొద్దు వాలుతోంది. బస్సు దొరకదు, వెళ్ళు" అన్నాడు.

బయలుదేరాను. మనుషులు నడిచి వెళ్ళడానికి గేటు పక్కన సందు ఉంది, అందరూ అందులోంచే వెళతారు. నేనూ అటే తిరిగాను. వెనక ఇనుము కిర్రుమంది. తిరిగి చూస్తే ఆయన తాడు పట్టుకుని ఉన్నాడు. నా ఒక్కదాని కోసం గేటు పూర్తిగా పైకెత్తి, నేను దాటేదాకా అలాగే పట్టుకున్నాడు.

మీ అక్క